పైపోర్షన్ లెక్క పునాది దగ్గర మొదలవుతుంది

తిరుపతిలో స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లోనే బేరమాడతారు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అంటే 36 చదరపు అడుగులు ఒక అంకణం. ముప్పై బై నలభై ప్లాటు 33 అంకణాల చిల్లర. అదే ప్లాటు చిత్తూరు లెక్కలో రెండుముప్పావు సెంట్లు, కార్పొరేషన్ ప్లాను కాగితం మీద 111 చదరపు మీటర్లు. ఎమ్మార్ పల్లి, కొర్లగుంట, ఎస్టీవీ నగర్, చిత్తూరులో మిట్టూరు, కొంగారెడ్డిపల్లి, ఎక్కడ చూసినా ఈ కొలతకు అటూ ఇటూగా ఉన్న ప్లాట్లలో పాతికేళ్ల, ముప్పయ్యేళ్ల కిందట కట్టిన ఒంటి అంతస్తు ఇళ్లు వరసగా కనిపిస్తాయి. వాటి మిద్దె మీద తుప్పుపట్టిన కమ్మీలు నాలుగేసి ఆకాశం వైపు చూస్తుంటాయి. ఎప్పటికైనా పైన కడదామనుకున్నవాళ్ల ఆశ అది.

2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరంలో 2,87,035 మంది ఉన్నారు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, స్విమ్స్, టీటీడీ ఆఫీసులు ఎప్పటినుంచో ఉన్నవే. 2015లో ఐఐటీ, ఐజర్ వచ్చాయి. అద్దెకు దిగేవాళ్లకు కొదవ లేదు. కొడుకు పెళ్లయితే వేరుకాపురానికి ఊరవతల ఫ్లాటు కొనలేక, మిద్దె మీద ఇంకో పోర్షన్ వేద్దామనుకునే ఇళ్లూ తక్కువేం కాదు. అలా అనుకున్న మరుక్షణం అందరి నోటా వచ్చే ప్రశ్న ఒక్కటే: అడుక్కి ఎంతవుతుంది? ఆ ప్రశ్న రెండోది కావాలి. మొదట అడగాల్సింది, మన పిల్లరు కింద ఎంత పుటింగు ఉంది అని. మిగతా ఏ తప్పునైనా డబ్బుతో, ఓపికతో దిద్దుకోవచ్చు. ఇది తప్పితే కింద కాపురమున్న ఇల్లే ప్రమాదంలో పడుతుంది.

పైన వేసే బరువు ఎంత?

ముందు ఎంత జాగాలో కట్టొచ్చో చూద్దాం. ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017లో వచ్చాయి. వాటి ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటు మామూలు కాలనీ రోడ్డు మీదుంటే ముందువైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. ఆ తర్వాత సవరణలు వచ్చాయి గనక ఇప్పటి పట్టికను లైసెన్స్ ఉన్న ప్లానరు దగ్గర ఒకసారి సరిచూసుకోవాలి. ముప్పై బై నలభైలో ఈ ఖాళీలు పోగా మిగిలేది దాదాపు 23 అడుగుల 5 అంగుళాల వెడల్పు, 31 అడుగుల 10 అంగుళాల పొడవు. మొత్తం సుమారు 740 చదరపు అడుగులు. రెండు బెడ్రూములు, హాలు, వంటిల్లు ఇందులో సరిపోతాయి.

ఇక బరువు. కాంక్రీటు ఘనపు మీటరుకు 2,500 కిలోలు తూగుతుంది. ఐదంగుళాల మందాన 740 అడుగుల స్లాబు పోస్తే 21 టన్నులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు లేపితే, ఒక్క అడుగు పొడవుకే పూత లేకుండా 4 క్వింటాళ్లు దాటుతుంది. బయటి గోడలు చుట్టూ 110 అడుగులు. కిటికీలు, తలుపులు తీసేసి, లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు ఒక 55 అడుగులు కలిపి, పూత కూడా వేసుకుంటే 58 టన్నులు. బీములు, పిల్లర్లు 9 టన్నులు. కింద టైల్సు, పైన నీళ్లు దిగకుండా వేసే పొర కలిపి 14 టన్నులు. పాత పిట్టగోడ కొట్టేసి పైన కొత్తది కట్టుకుంటాం గనక అది చెల్లుకు చెల్లు.

మొత్తం 102 టన్నులు. మనుషులు, బీరువాలు, మంచాల కోసం ఇంజనీర్లు చదరపు మీటరుకు 200 కిలోలు పట్టుకుంటారు. అది ఇంకో 14 టన్నులు. అంటే కింద ఉన్న ఇంటి మీద వంద టన్నులకు పైగా కొత్త బరువు ఎక్కుతోంది. ఇందులో సగానికి పైగా గోడలదే. పోర్షన్ అనగానే అందరూ స్లాబు గురించి కంగారు పడతారు. తూకంలో స్లాబుకు రెండున్నర రెట్లు పైన ఉన్నది గోడలే.

పిల్లరు కాదు, దాని కింది పాదం

తొమ్మిది పిల్లర్ల ఇల్లు అనుకుందాం, వరసకు మూడు చొప్పున. మూలల్లో ఉన్నవాటికన్నా నట్టనడిమి పిల్లరు మీద బరువెక్కువ. ఇంటి విస్తీర్ణంలో పావుభాగం దాని మీదే పడుతుంది. ఒంటి అంతస్తుగా ఉన్నప్పుడు ఆ పిల్లరు మోసేది సుమారు 18 టన్నులు. పైన ఇటుక గోడలతో, కాంక్రీటు స్లాబుతో ఇంకో అంతస్తు వేస్తే 38 టన్నులు.

పిల్లరుకు ఇది పెద్ద కష్టం కాదు. మంచి కాంక్రీటుతో పోసిన 9 బై 12 అంగుళాల పిల్లరులో 12 ఎంఎం కమ్మీలు ఆరు ఉంటే, నిలువు బరువు వరకైతే లెక్కప్రకారం 50 టన్నుల దాకా తట్టుకుంటుంది. చిక్కంతా దాని అడుగున ఉంది. ఆ రోజుల్లో ఒంటి అంతస్తుకు చాలామంది మేస్త్రీలు నాలుగడుగుల చదరం పుటింగు వేసి ఊరుకునేవాళ్లు. నాలుగు బై నాలుగంటే ఒకటిన్నర చదరపు మీటరు. నేల చదరపు మీటరుకు 15 టన్నులు మోయగలిగితే ఆ పుటింగు మోసేది 22 టన్నులు. పద్దెనిమిదికి చాలింది. ముప్పై ఎనిమిదికి చాలదు. అప్పుడు నేల మీద చదరపు మీటరుకు 25 టన్నులకు పైగా ఒత్తిడి పడుతుంది. నేల కుంగుతుంది. కుంగడం అన్ని పిల్లర్ల కిందా ఒకేలా ఉండదు. నడిమిది ఎక్కువ దిగి, అంచులవి తక్కువ దిగి, గోడల్లో కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు మొదలవుతాయి. అవి పూత పగుళ్లని సున్నం పూసి మూసేస్తే లోపలి జబ్బు నయం కాదు.

38 టన్నులు మోయాలంటే 15 టన్నుల నేలలో ఐదడుగుల మూడంగుళాల చదరం పుటింగు కావాలి. 20 టన్నుల నేలయితే నాలుగున్నర అడుగులు సరిపోతుంది. కొన్ని అంగుళాల తేడాల మీదే ఇల్లు నిలబడటం, నిలబడకపోవడం తేలుతోంది.

మన నేల ఎలాంటిదో ఊరి పేరును బట్టి చెప్పలేం. శేషాచలం పాదాల దగ్గర నాలుగడుగులకే రాయి తగిలే చోట్లున్నాయి. అక్కడ 40 టన్నులు కూడా మోస్తుంది. గట్టి మొరం అయితే 20, ఆపైన. పాత చెరువు కిందో, కాలువ పోరంబోకు పక్కనో పూడ్చిన మట్టి మీద కట్టిన కాలనీ అయితే 10 కూడా రాకపోవచ్చు. ఒకే వీధిలో ఈ చివర ఒక నేల, ఆ చివర ఇంకో నేల ఉంటాయి. పక్కింటాయన రెండంతస్తులు వేశాడు గదా అన్న ధైర్యం అందుకే పనికిరాదు.

కాబట్టి ప్లాను గీయించకముందే ఒక పని చేయించండి. ఒక మూల పిల్లరు, ఒక నడిమి పిల్లరు పక్కన పుటింగు అడుగు కనిపించేదాకా జాగ్రత్తగా గుంత తవ్వించాలి. ఒకేసారి రెండూ కాదు, ఒకటి చూసి పూడ్చాకే రెండోది. నడిమి పిల్లరు హాల్లో ఉంటుంది గనక నాలుగు టైల్సు పోతాయి. పోనివ్వండి. స్ట్రక్చరల్ ఇంజనీరు గుంతలోకి దిగి మూడు కొలతలు తీసుకుంటాడు: పుటింగు ఎంత వెడల్పు, ఎంత మందం, నేల మట్టానికి ఎంత లోతు. అడుగు మట్టి నమూనా పరీక్షకు పంపుతాడు. పిల్లరు మీద రీబౌండ్ సుత్తితో కొట్టి కాంక్రీటు గట్టిదనం అంచనా వేస్తాడు. లోపల ఎన్ని కమ్మీలున్నాయో చూసే స్కానర్లూ ఇప్పుడు దొరుకుతున్నాయి. ఇదంతా రెండు మూడు రోజుల పని. ఈ ఖర్చు దగ్గర బేరమాడొద్దని గట్టిగా చెబుతాను.

చాలదని తేలితే దారులు మూసుకుపోలేదు. పాత పుటింగు చుట్టూ తవ్వి కొత్త కమ్మీలు కలిపి దాన్ని వెడల్పు చేయొచ్చు. అది అనుభవమున్నవాళ్లు ఒక్కో పిల్లరుగా, బీములకు ఆనులు పెట్టి చేయాల్సిన పని. రెండో దారి బరువు తగ్గించుకోవడం. ఇటుక బదులు తేలికపాటి ఏఏసీ బ్లాకులు పెడితే మొత్తం గోడల బరువు 58 టన్నుల నుంచి 22కి దిగుతుంది. అంత తగ్గినా నడిమి పిల్లరు లెక్క 38 నుంచి 34 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే దాని మీద పడేది ఎక్కువగా స్లాబే. ఏఏసీ వేస్తున్నాం గదా, పునాది చూడక్కర్లేదనే మాట నమ్మొద్దు. గోడలు ఏఏసీ, పైకప్పు కాంక్రీటు బదులు ఉక్కు ఫ్రేము మీద రేకులు వేస్తే 24 టన్నులకు వస్తుంది. నేల పరీక్షలో కాస్త మంచి ఫలితం వస్తే నాలుగడుగుల పుటింగుకు అది అందుబాటులో ఉన్న బరువే. మే నెలలో రేకు కింద ఉండటం నరకం గనక లోపల ఫాల్స్ సీలింగు, వేడిని ఆపే పొర తప్పవు. మూడో దారి, మొత్తం 740 అడుగులు కాకుండా అంచు పిల్లర్ల మీద పడేలా ఒక గది, వంటిల్లు, బాత్రూము వరకే కట్టడం.

పిల్లర్లే లేని ఇళ్ల సంగతి వేరు. చిత్తూరు పాతపేటల్లో రాతి గోడలు, మట్టి అడుసు, పైన రాతి కడ్డీలు లేదా దూలాల మీద మిద్దె ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ గోడలు అడుగున్నర మందం ఉన్నంత మాత్రాన పైన అంతస్తు మోస్తాయనుకోవద్దు. మట్టి అడుసు తడిస్తే పట్టు వదులుతుంది. అలాంటి ఇంట్లో పైకి వెళ్లాలంటే గోడలతో సంబంధం లేకుండా కొత్త పిల్లర్లు నేలనుంచే లేపాలి.

మిద్దె మీది తుప్పు కమ్మీలు, మెట్లు

కొత్త పిల్లరు లేవాలంటే పాత కమ్మీలకు కొత్తవి అతకాలి. ఆ అతుకు కమ్మీ మందానికి దాదాపు 50 రెట్లుండాలి. 12 ఎంఎం కమ్మీకి రెండడుగులు. పాతికేళ్లు ఎండావానల్లో ఉన్న కమ్మీని వైరు బ్రష్షుతో రుద్ది, కొలిచి చూడండి. పన్నెండు కాస్తా పది మిల్లీమీటర్లకు అరిగి ఉంటే పోయింది ఆరో వంతు అనిపిస్తుంది. కమ్మీ బలం దాని గుండ్రటి కోత వైశాల్యంలో ఉంటుంది. అది 113 చదరపు మిల్లీమీటర్ల నుంచి 78కి పడిపోయింది. ముప్పై శాతం పోయినట్టు. అలాంటప్పుడు ఆ ముక్కలు కోసేసి, పిల్లరు తలలోకి రంధ్రాలు తొలిచి రసాయన జిగురుతో కొత్త కమ్మీలు నాటాలి. ఎంత లోతుకు నాటాలో ఇంజనీరు రాసివ్వాలి, బేల్దారి ఊహకు వదలకూడదు. ఇప్పుడు పైన కట్టేవాళ్లు మళ్లీ ఇంకో అంతస్తు కోసం కమ్మీలు వదిలేటట్టయితే, వాటి చుట్టూ పలచని కాంక్రీటు దిమ్మె పోసి కప్పెయ్యండి. తర్వాత సులువుగా పగలగొట్టుకోవచ్చు.

మెట్లు మింగే జాగా ముందే లెక్కేసుకోరు చాలామంది. పదిన్నర అడుగుల ఎత్తుకు ఏడంగుళాల మెట్లు 18 కావాలి. తొమ్మిదేసి చొప్పున రెండు వరసలు, పదంగుళాల పాదం, మూడడుగుల మలుపు కలిపితే పదడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు. 65 చదరపు అడుగులు, అంటే దాదాపు రెండు అంకణాలు. ఇది కింద పోర్షన్లోంచి పోతుంది, లేదా పక్క ఖాళీలోకి చొచ్చుకొస్తుంది. ఉన్నది మీటరు సందు. అందులోనే మెట్లు ఇరికిస్తే రేపు అనుమతి దగ్గర అదే మొదటి అభ్యంతరం. ఏడంగుళాల మెట్టును ఎనిమిదిన్నర చేసి జాగా మిగిల్చే మేస్త్రీలున్నారు. నీళ్ల బిందెతో ఎక్కే మనిషికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ అంగుళంన్నర రోజూ శిక్షే.

డబ్బు, మీటరు, పన్ను

లెక్క కోసం అడుక్కి 2,000 రూపాయలనుకుందాం. 740 అడుగులకు 14 లక్షల 80 వేలు. పునాది బలపరచడం ఇందులో లేదు, దానికి విడిగా కొటేషన్ తీసుకోవాలి. నెలకు 10,000 అద్దె వస్తుందని, ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని, రంగులూ రిపేర్లూ పన్నులకు 10,000 పోతుందని పట్టుకుంటే చేతికి మిగిలేది ఏడాదికి లక్ష. పెట్టుబడి తిరిగిరావడానికి పదిహేనేళ్లు. అందులో పది లక్షలు బ్యాంకు అప్పు, 9 శాతం వడ్డీ అయితే పదిహేనేళ్ల వాయిదా నెలకు 10,143. పదేళ్లకే తీర్చేస్తే 12,668. నెలకు రెండున్నర వేలు ఎక్కువ కట్టగలిగితే వడ్డీలో మూడు లక్షలు మిగులుతాయి. అద్దె ఆదాయం మీద ఆదాయపు పన్ను లెక్కలో, కట్టిన ఆస్తిపన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం రిపేర్ల కింద నేరుగా మినహాయిస్తారు, బిల్లులు చూపక్కర్లేదు.

సామాన్ల ధరల్లో రెండు మార్పులు గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా బస్తా 300 అనుకుంటే 30 రూపాయల తేడా. ఈ పనికి కావాల్సిన సుమారు 300 బస్తాలకు 9,000. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం ఉంది, కానీ లోడింగు, రవాణా మనవే. కొటేషన్లో ఇసుక ధర చూస్తే అందులో బండి కిరాయి ఎంతో విడిగా రాయమనండి.

కరెంటు మీటరు వేరుగా పెట్టించుకోవడం అద్దె తగాదాలు తప్పించుకోవడానికే అనుకుంటారు. అసలు లాభం స్లాబుల్లో ఉంది. 2022లో అమల్లోకి వచ్చిన ఇళ్ల టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. రెండు పోర్షన్లూ చెరో 150 యూనిట్లు వాడి ఒకే మీటరు మీద 300 పడితే యూనిట్ల బిల్లు 1,673. రెండు మీటర్లయితే 567 చొప్పున 1,134. నెలకు 539 రూపాయల తేడా. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్‌చార్జీలు ఇందులో కలపలేదు.

అనుమతి సంగతి. తిరుపతి, చిత్తూరు కార్పొరేషన్లలోనూ, చుట్టుపక్కల 1981లో ఏర్పడిన తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోనూ ప్లాన్లు ఆన్‌లైన్లోనే పెట్టాలి. పాత ప్లాను కాపీ, దస్తావేజు, స్ట్రక్చరల్ ఇంజనీరు ధ్రువపత్రం చేతిలో ఉంటే సగం పని అయినట్టే. లేఅవుట్ అనుమతి లేని ప్లాటయితే ముందు ఆ క్రమబద్ధీకరణ తేలాలి. 2015లో, 2019లో అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకాలు (బీపీఎస్) వచ్చాయి గనక, ఇప్పుడు కట్టేసి ఎప్పుడో బీపీఎస్‌లో కట్టుకుందామనే ధీమా మన ఊళ్లలో బలంగా ఉంది. ఆ పథకం కాగితాన్ని క్రమబద్ధం చేస్తుంది గానీ కింద పుటింగును వెడల్పు చేయదు. బ్యాంకు కూడా అనుమతి లేని అంతస్తుకు అప్పివ్వదు. 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో ఆస్తిపన్ను మూలధన విలువ మీద వేస్తున్నారు, పై అంతస్తు చేరితే ఆ విలువా పెరుగుతుంది.

కాలిఫోర్నియాలో ఉన్న మన పిల్లలు పెరట్లో రెండో ఇల్లు కట్టుకోవడం గురించి చెబుతుంటారు. అక్కడ రాష్ట్ర చట్టమే 2020 నుంచి 800 చదరపు అడుగుల దాకా చిన్న ఇంటికి, పక్కన, వెనక నాలుగడుగులు వదిలితే చాలని, దరఖాస్తుపై 60 రోజుల్లో తేల్చాలని చెప్పింది. మనకు పెరడు లేదు, పైకే వెళ్లాలి. అందుకే వాళ్లకన్నా మనకు పునాది లెక్క ఎక్కువ అవసరం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సంక్రాంతి దాటగానే మొదలుపెడితే ఏప్రిల్‌లోగా స్లాబు పడుతుంది. ఎండల్లో పోసిన స్లాబుకు పది రోజులు తగ్గకుండా నీళ్లు నిలిపి తడపాలి. పదిహేనడుగుల లోపు పరుపున్న స్లాబు కింద ఆనులు కనీసం ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు. ఇరవై అడుగుల లోపు బీముల కింద పద్నాలుగు రోజులు. సెంట్రింగ్ వాళ్లు సామాను ఇంకో చోటికి కావాలని తొందరపెడతారు. తేదీలు గోడ మీద రాసిపెట్టుకుని ఆ తేదీకే తీయనివ్వండి.

ఇక నీళ్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు అనే కొలతన రెండు కుటుంబాల ఎనిమిది మందికి 1,080 లీటర్లు. 10,000 లీటర్ల సంపు ఉంటే తొమ్మిది రోజులు గడుస్తాయి. కొత్త మిద్దె మీద ఒక్క అంగుళం వాన పడితే 1,700 లీటర్లు దిగుతాయి. ఆ గొట్టాన్ని ఇంకుడుగుంతకు కలపండి, పుటింగులకు దూరంగా.

2021 నవంబరు వరదల తర్వాత తిరుపతి శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి ఆవరణలో సిమెంటు రింగుల సంపు భూమిలోంచి నిలువుగా పైకి లేచింది. జనం వింతగా చూశారు, లెక్కలో వింత లేదు. 10,000 లీటర్ల కాంక్రీటు సంపు, గోడల మందం ఆరంగుళాలు అయితే, బయటి కొలతన సుమారు 15 ఘనపు మీటర్ల జాగా ఆక్రమిస్తుంది. చుట్టూ నేల పూర్తిగా నీటితో నిండితే దాన్ని పైకి తోసే బలం 15 టన్నులు. ఖాళీ సంపు బరువు 12 టన్నులు. రింగుల సంపు ఇంకా తేలిక. మూడు టన్నుల లోటును చుట్టూ మట్టి పట్టు ఒక్కటే ఆపాలి. సంపు అడుగు స్లాబును గోడలకన్నా అడుగు బయటికి వేయించుకుంటే దాని మీది మట్టి అదనపు బరువవుతుంది. వానాకాలంలో సంపు ఖాళీ చేసి కడగొద్దు, ఎప్పుడూ సగానికి తగ్గకుండా నీళ్లుంచండి. కడిగే పని సంక్రాంతి తర్వాత, నేల ఆరాక పెట్టుకోండి.